యాభై మంది, ఒకే పాట: హైస్కూలు పిల్లలందరితో పాడించడం ఎలా

మా వైపు హైస్కూళ్లలో సంగీతం పీరియడ్ ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పలేం. సంగీతం టీచర్ ఉన్న బడులు తక్కువ. లేని చోట "మీరు పద్యాలు బాగా పాడతారుగా మాస్టారూ" అని హెచ్‌ఎం గారు తెలుగు సారు పేరు టైంటేబుల్లో రాసేస్తారు. ఆయనకు తీరిక లేకపోతే డ్రిల్ సారుకి పడుతుంది. అలా పీరియడ్ నెత్తిన పడ్డవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే: "మేడం, క్లాసులో నలుగురు బ్రహ్మాండంగా పాడతారు, ఓ పదిమంది పర్వాలేదు, మిగతావాళ్లు నోరే తెరవరు. ఏం చేయమంటారు?"

నేను చెప్పేదీ ఒకటే. పిల్లల్ని విడగొట్టకండి, పాటను విడగొట్టండి. వచ్చినవాళ్లు ఒక పక్క, రానివాళ్లు ఒక పక్క అని కూర్చోబెడితే రెండో పక్కవాళ్లు ఇక ఆ ఏడాదంతా చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఆగస్టు పదిహేను రాగానే పదిమందిని ఏరుతాం, రిపబ్లిక్ డేకి మళ్లీ ఆ పదిమందే. ఆరో తరగతిలో ఏరనివాణ్ణి పదో తరగతి దాకా ఎవరూ ఏరరు. అదే ఒక పాటలో తాళం కొందరికి, జతి (తకిట లాంటి లయ పలుకులు) కొందరికి, శ్రుతి (పాటంతటికీ ఆధారంగా మోగే స్వరం) పట్టుకోవడం కొందరికి, సాహిత్యం కొందరికి అప్పజెప్పండి. ఎవరి శక్తికి తగ్గ పని వాళ్లకు ఉంటుంది, పాట మాత్రం అందరిదీ అవుతుంది.

మదనపల్లె చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో నేను పాడించే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. క్లాసులో యాభై మంది, నలభై ఐదు నిమిషాల పీరియడ్, మీ చేతిలో ఫోను, గదిలో బెంచీలు. ఇంతకుమించి ఏమీ లేదనుకునే చదవండి.

మొదటి పాఠం వేమన పద్యం

కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలతో మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. గురువు ముందు కూర్చుని రోజూ సాధన చేసే పిల్లలకు వాటిని మించిన దారి లేదు. మనకున్నది వారానికి ఒక పీరియడ్. పైగా ఆ వరుసలన్నీ మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. స పక్కనే ఆనుకుని రి (శుద్ధ రిషభం), అక్కణ్ణుంచి గ (అంతర గాంధారం) దాకా పెద్ద గెంతు. కొత్త చెవికి అది అంత తేలిగ్గా దొరకదు. అందుకని నేను మోహన రాగంతో మొదలుపెడతాను. స రి గ ప ద, ఐదే స్వరాలు. ఏ రెండూ మరీ దగ్గరగా ఉండవు కాబట్టి ఒకడు పక్క స్వరం పట్టినా చెవికి గీరుకున్నట్టు అనిపించదు. పెద్దవాళ్లెవరైనా కోప్పడితే నా మీదకు తోసేయండి.

స్వరం కన్నా ముందు లయ. ఇక్కడ తెలుగు మాస్టారి దగ్గర సంగీతం టీచర్‌కి లేని ఆస్తి ఒకటుంది, ఛందస్సు. వేమన వాడిన ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం పూర్తిగా సూర్యగణాలే. సూర్యగణాలు రెండు. నగణమంటే మూడు లఘువులు, హగణమంటే ఒక గురువు, ఒక లఘువు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు వేసుకుంటే రెండింటికీ మూడేసి మాత్రలు. అంటే త-కి-ట అనే మూడు మాత్రల జతి. ఇప్పుడు మకుటం చూడండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు గణాలు, ఐదు తకిటలు. నాలుగోది నగణం, మిగతావి హగణాలు. బడికి వచ్చే ప్రతి పిల్లాడికీ నోటికి వచ్చిన పాదం ఇది, కొత్తగా బట్టీ పట్టాల్సిన పనే లేదు.

పిల్లలకు ఈ లెక్కంతా చెప్పక్కర్లేదు. బోర్డు మీద ఆరు గడులు గీయండి. ఐదు గడుల్లో ఐదు ముక్కలు రాయండి, ఆరోది ఖాళీగా వదిలేయండి. ప్రతి గడి మొదట్లో తొడ మీద ఒక దెబ్బ, తర్వాత రెండు మాత్రలకు రెండు వేళ్లు. ఖాళీ గడిలో నోరు మూసుకోవాలి, చెయ్యి మాత్రం నడవాలి. క్లాసు లయ ఎలా ఉందో ఆ ఖాళీ గడిలోనే తెలుస్తుంది. తొందరపడేవాళ్లు అక్కడే ముందుకు దూకి దొరికిపోతారు. అప్పుడు నవ్వనివ్వండి, మళ్లీ మొదటికి రండి.

ఎనిమిదో తరగతి దాటినవాళ్లు "ఇది చిన్నపిల్లల పద్యం మేడం" అంటారు. అననిచ్చి, దెబ్బల వేగం అలాగే ఉంచి పద్యాన్ని రెండింతల వేగంతో పలకమనండి. ఆరు దెబ్బల్లో పాదం రెండుసార్లు రావాలి, రెండు ఖాళీలూ సరిగ్గా పడాలి. చిన్నపిల్లల పద్యమన్న మాట మళ్లీ వినిపించదు. మొదటి పీరియడ్ మొత్తం దీనికే పోతుంది, పోనివ్వండి.

రెండో పీరియడ్లో స్వరం. నేను కట్టుకున్న వరుస ఇది, కామా ఉన్నచోట ముందు స్వరాన్ని ఇంకో మాత్ర లాగాలి:

స, రి – గ, రి – గ, ప – గ రి స – స, స – (ఖాళీ)

మీకు వేరే వరుస తోస్తే అదే పాడించండి. కింద స, పైన ప, ఈ హద్దు దాటకపోతే చాలు. ఆ హద్దు ఎందుకో ఇప్పుడు చెబుతాను.

గొంతు మారే మగపిల్లలు, పంచమం

ఆరో తరగతిలో గొంతెత్తి పాడిన కుర్రాడు ఎనిమిదికొచ్చేసరికి వెనక బెంచీలోకి జారిపోతాడు. సిగ్గు అనుకుంటాం. సిగ్గూ ఉంటుంది. కానీ అసలు సంగతి, వాడి స్వరపేటిక పెరుగుతోంది, స్వరతంతువులు పొడవు, మందం అవుతున్నాయి, గొంతు చివరికి దాదాపు ఒక స్థాయి (ఒక స నుంచి దాని కింది స దాకా) కిందికి దిగుతుంది. దిగడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో నిన్న అందిన స్వరం ఇవాళ అందదు, పైకి వెళ్తే గొంతు పగులుతుంది. పక్క వరస ఆడపిల్లలు ఒక్కసారి కిసుక్కుమన్నారంటే వాడింక నోరు తెరవడు.

దీన్ని దాచకుండా క్లాసులో అందరి ముందూ చెప్పేయండి. సైన్స్ టీచర్‌ని ఓ ఐదు నిమిషాలు పిలిస్తే ఇంకా మంచిది. ఆడపిల్లల గొంతు కూడా ఆ వయసులో కొంచెం దిగుతుందని, వాళ్లకు అది బయటికి అంతగా తెలియదని కూడా చెప్పించండి. నవ్వు సగం అక్కడే తగ్గిపోతుంది.

తర్వాత శ్రుతి మార్చండి. నాలాంటి ఆడ టీచర్లకు ఐదు, ఐదున్నర శ్రుతి (కీబోర్డులో జి, జి షార్ప్) అలవాటు, క్లాసునూ అందులోనే పెట్టేస్తాం. గొంతు దిగిన కుర్రాడికి ఆ స్థాయి పైన అందదు, ఒక స్థాయి కింద పాడదామంటే మరీ లోతు. వాడు మధ్యలో ఇరుక్కుని ఊరుకుంటాడు. అందుకని ఫోనులో శ్రుతి వినిపించే తంబూరా యాప్‌లో ఒకటి శ్రుతి పెట్టండి, అంటే కీబోర్డులో సి. ఆడపిల్లలు, గొంతు ఇంకా మారని మగపిల్లలు కీబోర్డు మధ్యలో ఉన్న సి నుంచి పాడతారు. గొంతు పూర్తిగా దిగిన పెద్ద కుర్రాళ్లు దాని కింది సి నుంచి పాడతారు. పాట స నుంచి ప దాకానే కాబట్టి ఇద్దరికీ హాయిగా ఉంటుంది.

మరి అటూ ఇటూ కాని వాళ్లు? ఆ రెండు స లకు మధ్య ఒక పంచమం, అంటే ప, ఉంది. పెద్ద కుర్రాళ్లకు అది మధ్యస్థాయి ప, ఆడపిల్లలకు మంద్రస్థాయి (కింది స్థాయి) ప. గొంతు మారుతున్న పిల్లల్లో చాలామందికి సరిగ్గా ఆ చుట్టుపక్కలే గొంతు నిలుస్తుంది. పాటంతా "ఆ" అంటూ ఆ ఒక్క స్వరం పట్టుకోవడం వాళ్ల పని. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకుండా, పక్కవాడు పట్టుకుని ఉన్నప్పుడు తాను తీసుకోవాలని చెప్పండి. ఎవరిని ఇక్కడ పెట్టాలో తెలియకపోతే ఒక్కొక్కణ్ణి నోరు మూసుకుని "మ్" అని తనకు హాయిగా ఉన్నచోట పట్టమనండి, అది కీబోర్డ్ యాప్‌లో ఎక్కడుందో చూసుకోండి. ఇది దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి మళ్లీ చూడాలి. గొంతు దిగిపోయినవాణ్ణి ఇంకా ప దగ్గరే ఉంచితే వాడికీ విసుగు.

ఈ వాటాను మిగిలిపోయిన వాళ్ల పనిలా చెప్పారో, మొత్తం పాడైపోతుంది. "మీరే తంబూరా. మీరు జారితే క్లాసంతా జారుతుంది" అనండి. అది పొగడ్త కాదు. ఒకసారి యాప్ ఆపేసి వాళ్ల మీదే పాట నడిపించి చూపించండి, మిగతావాళ్లు కూడా ఒప్పుకుంటారు.

మగ టీచర్లకు ఇంకో మాట. మీరు ఆరో తరగతి వాళ్లకు పాడి చూపిస్తే మీ గొంతు వాళ్ల గొంతు కన్నా ఒక స్థాయి కింద ఉంటుంది. కొందరు పిల్లలు దాన్ని తమ స్థాయికి మార్చుకుంటారు. కొందరికి ఏది పట్టుకోవాలో తెలియక కిందికి దిగి గొణుగుతారు. వాళ్లకు స్వరజ్ఞానం లేదని రాసేయకండి. ఒక ఆడపిల్లతో పాడించి వినిపించండి.

శ్రుతి కలవని పిల్లలు

"నువ్వు పెదాలు కదుపు చాలు" అని చెప్పే టీచర్లు ఇంకా ఉన్నారు. పెద్దయ్యాక "నాకు పాట రాదండీ" అనేవాళ్లను కదిపి చూడండి, చాలామంది వెనక ఇలాంటి మాటే ఒకటి బయటపడుతుంది. పుట్టుకతోనే స్వరభేదం తెలియని మనుషులు ఉన్నారు గానీ, చాలా తక్కువ. మీ క్లాసులో శ్రుతి కలవని డజను మందీ అలాంటివాళ్లే అనుకోవడానికి లేదు. వాళ్లలో ఎక్కువమంది తమ గొంతును పైకీ కిందికీ ఎప్పుడూ నడిపించి చూడనివాళ్లు.

వాళ్లు మన శ్రుతికి రాకపోతే మనమే వాళ్ల శ్రుతికి వెళ్లాలి. వాడు పట్టిన స్వరమేదో విని, దాన్నే స అనుకుని క్లాసంతా పాడండి. తన గొంతు పక్కవాళ్ల గొంతుతో కలిస్తే ఎలా ఉంటుందో వాడికి అప్పుడు మొదటిసారి తెలుస్తుంది. ఆ కలిసిన అనుభవం ఒక్కసారి దొరికాక దాన్ని అటూ ఇటూ కదపడం తేలిక. తర్వాతది 108 అంబులెన్స్ కూత. "ఊ" అంటూ కింద నుంచి పైకి, పైనుంచి కిందికి జారమనండి. మగపిల్లలు దీన్ని ఎంత ఇష్టంగా చేస్తారో చెప్పలేను. ఆ జారుడు మధ్యలో నేను చెయ్యి పైకెత్తిన చోట ఆగాలి, ఆగిన చోటే నిలబెట్టాలి. ఒక అరచెయ్యి చెవి వెనక, రెండోది నోటి ముందు పెట్టుకుంటే ఎవరి గొంతు వాళ్లకు బాగా వినిపిస్తుంది. ఇదంతా నలుగురేసి చేయాలి. ఒక్కణ్ణే నిలబెట్టి పాడించొద్దు, వాడు అడిగితే తప్ప.

వినపడని, కనపడని, మాట తడబడే పిల్లలు

ఇప్పుడు మామూలు బడుల్లోనే ప్రత్యేక అవసరాల పిల్లలు కూర్చుంటున్నారు. సంగీతం పీరియడ్ అనగానే వాళ్లను భవిత కేంద్రానికో (ఈ పిల్లల కోసమే ఉన్న కేంద్రం), లైబ్రరీకో పంపేయడం సులువు. పంపకండి.

వినికిడి లోపం ఉన్న పిల్లకు గాలి ఊదిన బెలూన్ రెండు అరచేతుల మధ్య ఇచ్చి డప్పుకు రెండడుగుల దూరంలో కూర్చోబెట్టండి. దెబ్బ చేతుల్లోకి వస్తుంది. మీ తాళం చెయ్యి ఆ పిల్లకు కనపడేలా ఉండాలి. ఆరు గడుల పద్యంలో తాళం పని ఆ పిల్లకు నిక్షేపంగా ఇవ్వొచ్చు, ఖాళీ గడిలో తొందరపడని వాళ్లలో ఆ పిల్లే ముందుంటుంది, ఎందుకంటే చూపు చెయ్యి మీదే ఉంటుంది. వినికిడి మిషన్ పెట్టుకున్న వాళ్లున్న క్లాసులో మాత్రం గది తలుపులేసి డప్పు వాయించొద్దు. చెట్టు కిందకు వెళ్లండి. పెద్ద చప్పుడుకు చెవులు మూసుకునే ఆటిజం పిల్లలకూ అదే మంచిది. దెబ్బ మొదలయ్యే ముందు "ఇప్పుడు చప్పుడొస్తుంది" అని ఒక మాట చెప్పి, కావాలంటే దూరంగా వెళ్లే వీలు ఇవ్వండి.

ఒక చెయ్యే ఆడే పిల్లాడికి ప్లాస్టిక్ సీసాలో గుప్పెడు బియ్యం పోసి మూత బిగించి ఇస్తే సరిపోతుంది, గడికి ఒక్క ఊపు. నత్తి ఉన్న పిల్లలు చాలామంది పాడేటప్పుడు తడబడరు. అది తెలిసి కూడా వాళ్లను మాటల్లేని వాటాలోకి తోయడం అన్యాయం. సాహిత్యం వాళ్లకివ్వండి. ఇక చూపులేని పిల్లాడు రాగానే "వీడు బాగా పాడతాడు" అని ముందే మైకు చేతికిస్తారు కొందరు. అందరిలాగే వాళ్లలోనూ పాడేవాళ్లుంటారు, పాడనివాళ్లుంటారు. వాడికి డప్పు ఇష్టమేమో అడగండి.

చదవడం సరిగ్గా రాని పిల్లల కోసం మొదటి టర్మ్ అంతా నోట్‌బుక్ తెరిపించను. నోటితో చెప్పడం, చెవితో పట్టడం. స్వరం రాసుకోవడం రెండో టర్మ్‌లో.

డప్పు ఎవరి చేతికి

డప్పు ఊళ్లో దొరుకుతుంది, చౌక, యాభై గొంతులకు సరితూగే చప్పుడు. తోలు డప్పయితే వానాకాలం మెత్తబడిపోతుంది. గడ్డి మంట దగ్గర కాసేపు వెచ్చబెడితే బిగుస్తుంది. ఫైబర్ డప్పుకి ఆ బాధ లేదు, ఆ నాదమూ లేదు.

చెప్పాల్సిన మాట వేరే ఉంది. డప్పుకి మన ఊళ్లలో అంటగట్టిన కులం సంగతి క్లాసులో ప్రతి పిల్లాడికీ తెలుసు. "మీ నాయన వాయిస్తాడు కదా, నువ్వు రా" అని ఒక పిల్లాణ్ణి లేపారంటే వాడికి వచ్చిన విద్యను మెచ్చుకున్నట్టు కాదు, వాడి వాడను గుర్తుచేసినట్టు. మొదటి రోజే డప్పు అందరి మెళ్లోకీ వరసగా తిరగాలి. మీ మెళ్లో ముందు వేసుకోండి. ఎవరైనా పక్కకు తప్పుకుంటే అక్కడికక్కడే ఆపి మాట్లాడాలి, తర్వాత చూద్దామనుకోవద్దు. ఆ తర్వాత చేతివాటం ఉన్నవాడు తానే తేలతాడు.

రాయలసీమలో ఉన్నవాళ్లకు చెక్కభజన ఇంకో వరం. రెండు చెక్కలు, అడుగు, ముందు ఒకరు పాడితే వెనక అందరూ అందుకోవడం. పాడమంటే పాడని పదో తరగతి కుర్రాళ్లు అడుగులో పడి తెలియకుండానే పాడేస్తారు. ఊళ్లో నేర్పే పెద్దాయన ఎవరైనా ఉంటే శనివారం పిలవండి, టీ ఇప్పించండి, ఆయన ముందు మీరూ నేర్చుకోండి.

ముందే నేర్చుకున్న పిల్ల

ప్రతి క్లాసులో ఒకరిద్దరు బయట సంగీతం నేర్చుకుంటూ ఉంటారు. వర్ణాల (సరళీ స్వరాలు దాటాక వచ్చే పెద్ద పాఠాలు) దాకా వచ్చిన పిల్లకు మన ఆరు గడులు అరగంటలో విసుగు. ఆ పిల్లను చిన్న టీచర్‌ని చేసి మిగతావాళ్లకు నేర్పించమనడం అందరూ చేసే పని. అప్పుడప్పుడు పర్వాలేదు. కానీ ఆ పిల్ల బడికి వచ్చింది నేర్చుకోవడానికి.

ఆ పిల్లకు ఆటవెలది మొదటి పాదం ఇవ్వండి. రెండు, నాలుగు పాదాల్లా అది తేలిగ్గా లొంగదు. మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు ఉంటాయి, వాటికి నాలుగు మాత్రలో ఐదు మాత్రలో. "ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు" చూడండి. ఉప్పు, కప్పు, రంబు: మూడు తకిటలు. నొక్కపో, లికనుండు: రెండూ ఐదేసి మాత్రలు, అంటే రెండు తకతకిటలు. మొత్తం పందొమ్మిది మాత్రలు, మూడేసి గడుల్లో ఇమడవు. ఎలా ఇముడుస్తావు అని అడిగి వదిలేయండి. రెండు మాత్రలు ఆగి ఏడు గడులు చేస్తుందో, చివరి అక్షరం లాగుతుందో, అసలు గడులనే మార్చేస్తుందో చూడండి. అయ్యాక మోహనంలో వరుస కట్టుకుని రమ్మనండి. మిగతా క్లాసు ఆ వరుసకు తాళం, పంచమం పడుతుంది. ఎక్కువ వచ్చినవాళ్లకు, తక్కువ వచ్చినవాళ్లకు వేరే వేరే పాఠాలు రాసుకోనక్కర్లేకుండా ఒకే పద్యంలో రెండు చివరలూ దొరకడం వేమన చలవ.

ప్రార్థన, మార్కులు, మైకు

ఉదయం అసెంబ్లీలో జనగణమన ఎవరో ఒకరు పైశ్రుతిలో ఎత్తుకుంటారు, చివరి జయహేల దగ్గరికి వచ్చేసరికి మగపిల్లలు మానేస్తారు. ఎత్తుకునే పిల్లకు ముందు ఫోనులో శ్రుతి వినిపించండి, పెద్ద కుర్రాళ్లకు కింది స్థాయిలో పాడమని చెప్పండి. పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు పట్టాలి. స్టాప్‌వాచ్ ఒక పిల్లాడి చేతిలో పెడితే వారంలో సాగదీత పోతుంది. మదనపల్లె పిల్లలకు నేను ఇంకో మాట కూడా చెబుతాను: 1919లో టాగూరు ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాశారు. మన ఊళ్లో కాగితం మీదికెక్కిన వరుసను మనమే ఈడ్చి పాడితే ఎలా అంటే నిటారుగా నిలబడతారు.

మార్కులు గొంతుకు వేయకండి. జూన్‌లో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి క్లాసును ఫోనులో రికార్డు చేసి వినిపించండి. ఏది బాగుపడిందో పిల్లలే చెబుతారు. తాళం నిలిపాడా, పక్కవాణ్ణి వింటున్నాడా, తన వాటా తెలుసా, ఈ మూడూ నేను రాసుకుంటాను.

వార్షికోత్సవానికి యాభై మందినీ స్టేజీ ఎక్కించండి. స్టేజీ చిన్నదైతే పంచమం పట్టేవాళ్లు మెట్ల మీద నిలబడతారు. మైకు బాగా పాడే నలుగురి ముందు పెడితే ఇన్నాళ్ల పని నీళ్లపాలు, వినేవాళ్లకు ఆ నలుగురే వినిపిస్తారు. ఒక మైకు పంచమం వాళ్ల ముందు, ఒకటి సాహిత్యం వాళ్లకు నాలుగడుగుల దూరంలో పెట్టించండి. సౌండ్ సిస్టమ్ అబ్బాయి డప్పుకి కూడా మైకు పెడతానని పట్టుబడతాడు. వద్దని చెప్పండి.